చదువుల చావడి: అమెరికా హైస్కూల్లో కోర్సుల ఎంపిక, కాలేజీ సీటు

అమెరికా హైస్కూళ్లలో వచ్చే ఏడాది కోర్సుల ఎంపిక సాధారణంగా జనవరి నుంచి మార్చి మధ్య నడుస్తుంది. అందుకే ఈసారి వచ్చిన ఉత్తరాలన్నీ అక్కడి తెలుగు తల్లిదండ్రులవే. మన దగ్గర పదో తరగతి కాగానే ఎంపీసీయో బైపీసీయో తేల్చుకుంటే సరి, మిగతాది ఎంట్రన్సు ర్యాంకు చూసుకుంటుంది. అక్కడ అలాంటి ఎంట్రన్సు లేదు. తొమ్మిదో గ్రేడు (అంటే తరగతి) నుంచి పన్నెండు దాకా ఏటా ఆరేడు కోర్సులు, ఒక్కోదానికి ‘ఏ’, ‘బీ’, ‘సీ’ అంటూ ఒక గ్రేడు. ఆ నాలుగేళ్ల కోర్సులూ గ్రేడ్లూ ఉండే పట్టిక, ట్రాన్స్‌క్రిప్టే దరఖాస్తుకు వెన్నెముక. కింది జవాబుల్లో ఏపీ అంటే ఆంధ్రప్రదేశ్ కాదు, అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ అనే కాలేజీ స్థాయి కోర్సులు. యూసీ అంటే బర్కిలీ, లాస్ ఏంజెలెస్ లాంటి యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా క్యాంపసులు.

ప్రశ్న: మా అమ్మాయి ఏడో గ్రేడు. వచ్చే ఏడాది ఆల్జీబ్రా 1 ఇస్తామని స్కూలు చెప్పింది. ఆ వేసవిలో జామెట్రీ ఆన్‌లైన్లో పూర్తి చేయిస్తే పదకొండో గ్రేడులోనే కాల్‌క్యులస్ అయిపోతుందని, కంప్యూటర్ సైన్స్ సీటుకు అదే దారని బంధువులు అంటున్నారు. చేయించమంటారా?
– ఒక తల్లి, ఎడిసన్, న్యూజెర్సీ

జవాబు: పన్నెండో గ్రేడు నుంచి వెనక్కి లెక్కపెట్టండి. ఆల్జీబ్రా 1, జామెట్రీ, ఆల్జీబ్రా 2, ప్రీకాల్‌క్యులస్, కాల్‌క్యులస్. ఇవి అయిదు మెట్లు, ఏడాదికి ఒకటి. ఎనిమిదిలో మొదటి మెట్టు ఎక్కితే పన్నెండులో కాల్‌క్యులస్ దానంతటదే వస్తుంది. తొమ్మిదిలో మొదలుపెట్టిన పిల్లలు పన్నెండులో ప్రీకాల్‌క్యులస్ దగ్గర ఆగిపోతారు. ఇంజనీరింగ్, కంప్యూటర్ సైన్స్ కోరేవాళ్లకు ఇబ్బంది అక్కడుంది. చేరేవాళ్లు కాల్‌క్యులస్ దాకా గణితం చదివి ఉండాలని ఎంఐటీ సూచిస్తుంది. కాల్‌టెక్ అయితే కాల్‌క్యులస్, ఫిజిక్స్, కెమిస్ట్రీ మూడూ తప్పనిసరి అంటుంది. స్కూల్లో ఆ కోర్సు లేని పిల్లలకు మాత్రం వేరే విధంగా పట్టు నిరూపించుకునే వీలు 2023లో కల్పించింది. కాబట్టి ఎనిమిదిలో ఆల్జీబ్రా 1 ఇస్తామంటే వదులుకోకండి. ఆ తరవాత మెట్లు దూకించడం వేరే సంగతి, దానికి తొందర అక్కర్లేదు.

వేసవి జామెట్రీలో ఏం తప్పుతుందో చూడండి. స్కూల్లో దాదాపు 180 పనిదినాలు నడిచే కోర్సును ఆరేడు వారాల్లో నెట్టేస్తారు. సూత్రాలు నిలుస్తాయి, నిరూపణలు జారిపోతాయి. మెట్టు దూకిన అమ్మాయి తొమ్మిదో గ్రేడులో ఆల్జీబ్రా 2లో కూర్చుంటుంది. ఆ పునాది సరిగా పడకపోతే పదో గ్రేడు ప్రీకాల్‌క్యులస్‌లో ‘బీ’లు, ‘సీ’లు మొదలవుతాయి. ఎనిమిదో గ్రేడు మార్కులను కాలేజీలు పెద్దగా పట్టించుకోవు కానీ పదో గ్రేడు ‘సీ’ ట్రాన్స్‌క్రిప్టు మీద చెరగదు. అంతకన్నా ముందుకు నెట్టి పదిలోనే కాల్‌క్యులస్ బీసీ (ఏపీ కాల్‌క్యులస్‌లో పై స్థాయి) ముగించిన పిల్లలకు ఇంకో చిక్కు: ఆ స్కూల్లో పైన గణితమే ఉండదు. మల్టీవేరియబుల్ కాల్‌క్యులస్ కోసం దగ్గర్లోని కమ్యూనిటీ కాలేజీకి తిప్పాలి. లేదంటే రెండేళ్లు గణితం లేని ట్రాన్స్‌క్రిప్టు తయారవుతుంది, అది ఇంజనీరింగ్ దరఖాస్తుకు మంచిది కాదు.

అయినా చేయించాలనుకుంటే కొలత ఒక్కటే. ఆల్జీబ్రా 1లో ట్యూషన్ ఆసరా లేకుండా ఏడాది పొడవునా 95 దరిదాపుల్లో ఉంటేనే ఆలోచించండి. ఫీజు కట్టేముందు రెండు పనులు చేయాలి. బయట చదివిన కోర్సుకు క్రెడిట్ (పూర్తిచేసినట్టు గుర్తింపు) ఇస్తారో లేదో స్కూలు నుంచి రాతపూర్వకంగా తీసుకోండి. ముందుగా అనుమతి లేకపోతే చాలా స్కూళ్లు ఒప్పుకోవు. యూసీకి దరఖాస్తు పెట్టే ఆలోచన ఉంటే జామెట్రీ ట్రాన్స్‌క్రిప్టు మీద కోర్సుగా కనిపించి తీరాలి. పై తరగతి గణితం చదివాను కాబట్టి జామెట్రీ వచ్చినట్టే అనే వాదన అక్కడ చెల్లదు.

ఆలస్యంగా మొదలైన పిల్లలకూ దారి ఉంది. జామెట్రీకీ ఆల్జీబ్రా 2కీ రెండింటికీ ముందు కావలసింది ఆల్జీబ్రా 1 ఒక్కటే. స్కూలు ఒప్పుకుంటే రెండూ ఒకే ఏడాది పక్కపక్కన చదవచ్చు. వేసవిలో దూకడం కన్నా ఇదే గట్టి పద్ధతి. ఇంటిగ్రేటెడ్ మ్యాథ్ 1, 2, 3 అని నడిపే స్కూళ్లలో మాత్రం ఇది కుదరదు, జామెట్రీని మూడేళ్లలోనూ పరిచి ఉంచుతారు. ఇంకొక్క మాట. కొన్ని స్కూళ్లు ఆల్జీబ్రా 2 బదులు డేటా సైన్స్ చదవచ్చని చెబుతాయి. పేరు ఆకర్షణగానే ఉంటుంది. కానీ ఆ మార్పిడి తమ గణిత అర్హతకు సరిపోదని యూసీ 2023లో తేల్చింది. కంప్యూటర్ సైన్స్ కోరుకునే అమ్మాయి ఆ వైపు వెళ్లనే కూడదు.

ప్రశ్న: మా అబ్బాయి పదో గ్రేడు. స్కూల్లో 20కి పైగా ఏపీలున్నాయి. వచ్చే ఏడాదికి ఇంగ్లిష్ లాంగ్వేజ్, యూఎస్ హిస్టరీ, కెమిస్ట్రీ, ఫిజిక్స్ 1, కాల్‌క్యులస్ బీసీ, కంప్యూటర్ సైన్స్ ఏ, మొత్తం ఆరు ఏపీలు రాసుకున్నాడు. పక్కింటి అబ్బాయి నాలుగేళ్లలో పద్నాలుగు చేశాడట. ఎన్ని చేస్తే సరిపోతుంది?
– ఒక తండ్రి, ఫ్రీమాంట్, కాలిఫోర్నియా

జవాబు: పక్కింటి లెక్క పక్కన పెట్టి యూసీ లెక్క చూద్దాం. యూసీ జీపీఏకి, అంటే గ్రేడ్ల సగటుకి, తొమ్మిదో గ్రేడు తరవాతి వేసవి నుంచి పదకొండో గ్రేడు తరవాతి వేసవి దాకా చదివిన ఏ-జీ కోర్సుల్నే (యూసీ అర్హతకు లెక్కించే సబ్జెక్టులు) తీసుకుంటారు. ఏపీలో ‘ఏ’, ‘బీ’, ‘సీ’లకు ఒక్కో పాయింటు అదనం. ఆ అదనం మొత్తం మీద 8 సెమిస్టర్లకు మించదు, అందులో పదో గ్రేడువి 4 సెమిస్టర్లకు మించకూడదు. రెండేళ్లలో పది కోర్సులు, అంటే 20 సెమిస్టర్లు, అన్నిట్లో ‘ఏ’ వచ్చిందనుకోండి. ‘ఏ’కి 4 చొప్పున 80 పాయింట్లు, అదనం 8, మొత్తం 88. ఇరవైతో భాగిస్తే 4.4. పూర్తి ఏడాది ఏపీలు నాలుగు చదివినా ఎనిమిది చదివినా ఈ అంకె కదలదు. ఒక్క సెమిస్టరులో ‘బీ’ పడితే మాత్రం 4.35కి దిగుతుంది. నాలుగు దాటాక ఏపీల విలువ సున్నా అని కాదు. దరఖాస్తు చదివేవాళ్లు కోర్సుల జాబితా చూస్తారు, కనీస అర్హతకు మించి ఎంత చదివాడో, పన్నెండో గ్రేడు ఎంత గట్టిగా ఉందో చూస్తారు. కాని అయిదోది, ఆరోది తెచ్చేది తక్కువ, తీసుకుపోయేది ఎక్కువ.

ప్రైవేటు కాలేజీల చూపు వేరు. వాళ్ల ముందు ట్రాన్స్‌క్రిప్టుతో పాటు స్కూల్ ప్రొఫైల్ ఉంటుంది. ఆ స్కూల్లో ఏమేం కోర్సులున్నాయో, గ్రేడ్లు ఎలా పంచుతారో చెప్పే కాగితం అది. చాలా కాలేజీలకు ఒకే దరఖాస్తుగా పనికొచ్చే కామన్ యాప్‌లో స్కూలు కౌన్సెలర్ ఒక ప్రశ్నకు టిక్కు పెట్టాలి: మీ స్కూల్లో కాలేజీకి వెళ్లే మిగతా పిల్లలతో పోలిస్తే ఈ విద్యార్థి కోర్సుల భారం ఎంత? అన్నిటికన్నా పై గడి ‘మోస్ట్ డిమాండింగ్’. మీ స్కూల్లో ఆ గడికి ఏం కావాలో కౌన్సెలర్‌ని సూటిగా అడగండి. అడగడం తప్పు కాదు, చాలామంది చెబుతారు. అయిదు ఏపీలే ఉన్న స్కూల్లో నాలుగు చదివిన పిల్లకు కూడా ఆ గడి దక్కవచ్చు. యూసీ మాత్రం కౌన్సెలర్ మాట అడగదు.

సంఖ్య కన్నా పిల్లల్ని దెబ్బతీసేది ఖాళీలు. ఇంగ్లిష్, గణితం, సైన్స్, సోషల్, మరో భాష. ఈ అయిదు వరసల్లో ఏదో ఒకటి మధ్యలో తెగిపోయి, ఆ జాగాలో సైకాలజీ, హ్యూమన్ జాగ్రఫీ, ఎన్విరాన్‌మెంటల్ సైన్స్ లాంటి ఏపీలు చేరతాయి. ఇవి పనికిరానివని కాదు. పది ఏపీలుండి ఫిజిక్స్ లేని ఇంజనీరింగ్ దరఖాస్తు కన్నా, ఏడు ఏపీలుండి ఫిజిక్స్ సీ (కాల్‌క్యులస్‌తో నడిచే ఏపీ ఫిజిక్స్) ఉన్న దరఖాస్తే బలమైనది. ఇంట్లో సొంతంగా చదివి పరీక్ష మాత్రమే రాసిన ఏపీలు ట్రాన్స్‌క్రిప్టు మీద కోర్సులుగా కనిపించవు, జీపీఏకీ కలవవు.

మీవాడి ఆరింటి దగ్గరికి వద్దాం. ఏపీ ఒక్కోదానికి వారానికి 4 నుంచి 6 గంటల ఇంటిపని వేసుకోండి. ఆరంటే సగటున 30 గంటలు, స్కూలు అయ్యాక. ముందు తీసేయాల్సింది ఫిజిక్స్ 1. అది ఆల్జీబ్రా ఆధారంగా నడిచే కోర్సు. పదకొండులో బీసీ అయిపోతుంది కాబట్టి పన్నెండులో కాల్‌క్యులస్‌తో నడిచే ఫిజిక్స్ సీకి నేరుగా వెళ్లవచ్చు, ఇంజనీరింగ్‌కి అదే సరైన జోడీ. మీ స్కూలు ఫిజిక్స్ సీకి ముందు ఇంకో ఫిజిక్స్ కోర్సు చదవాలంటుందేమో కోర్సు క్యాటలాగులో చూసుకోండి. ఇక ఇంగ్లిష్ లాంగ్వేజ్, యూఎస్ హిస్టరీ రెండూ చదవడం, రాయడం బరువైనవి, వ్యాసాల గడువులు ఒకే వారంలో వచ్చి పడతాయి. రాత నెమ్మదిగా ఉండే పిల్లాడైతే వాటిలో ఒకటి మామూలు స్థాయికి దించండి. ఏపీ కెమిస్ట్రీకి ముందు మామూలు కెమిస్ట్రీ ఒక ఏడాది చదివి ఉండాలి. అది లేకుండా నేరుగా దూకిన పిల్లలు మోల్ లెక్కల దగ్గరే చతికిలపడతారు.

కోరుకున్న కాలేజీ ఏం పట్టించుకుంటుందో ఊహించనక్కర్లేదు. కాలేజీ పేరుతో పాటు ‘కామన్ డేటా సెట్’ అని వెతికితే ఏటా వాళ్లు ప్రకటించే పత్రం దొరుకుతుంది. అందులో సీ5 పట్టికలో ఏ సబ్జెక్టు ఎన్నేళ్లు కావాలో, ఎన్నేళ్లు సూచిస్తారో ఉంటుంది. సీ7లో కోర్సుల కఠినత్వం, జీపీఏ, టెస్టు స్కోరు ఒక్కోదానికి ఎంత ప్రాధాన్యమిస్తారో గడులు నింపి ఉంటాయి. బంధువుల వాట్సాప్ గ్రూపు కన్నా ఆ రెండు పట్టికలు నమ్మదగినవి.

ప్రశ్న: ఏపీలో ‘బీ’ మేలా, మామూలు క్లాసులో ‘ఏ’ మేలా?
– ముగ్గురు నలుగురు అడిగారు

జవాబు: అప్పుడప్పుడు ఒక ‘బీ’ అయితే ఏపీయే మేలు. ‘సీ’ వచ్చేట్టుంటే మామూలు క్లాసే మేలు. ముందుగా తెలిసేది ఎలా అంటే, కిందటేడు అదే సబ్జెక్టు ఆనర్స్ (మామూలు కన్నా ఒక మెట్టు పై) క్లాసులో ‘ఏ’ వస్తే ఏపీకి వెళ్లండి. ‘బీ’ వస్తే ఆ టీచరును అడిగి వెళ్లండి. ‘సీ’ వస్తే వద్దు. వెళ్లాక తప్పని తెలిస్తే మొదటి మూడు నాలుగు వారాల్లోనే దిగిపోవాలి. గడువు స్కూలును బట్టి మారుతుంది. అది దాటితే ట్రాన్స్‌క్రిప్టు మీద మధ్యలో మానేసినట్టు ‘డబ్ల్యూ’ పడటమో, ఏపీలో వచ్చిన తక్కువ మార్కు కొత్త క్లాసుకు వెంట రావడమో జరుగుతుంది.

ప్రశ్న: మా పాప ఆర్కెస్ట్రాలో వయొలిన్ వాయిస్తుంది. అది మామూలు స్థాయి కోర్సు కావడం వల్ల ర్యాంకు పడిపోతుందని, మానేసి ఇంకో ఏపీ తీసుకోమని స్నేహితులంటున్నారు. యూటీ ఆస్టిన్ (ఆస్టిన్‌లోని యూనివర్సిటీ ఆఫ్ టెక్సాస్) మా లక్ష్యం.
– ఒక తల్లి, ఫ్రిస్కో, టెక్సాస్

జవాబు: టెక్సాస్‌లో ఈ బెంగకు అర్థముంది. 1997 నాటి చట్టం ప్రకారం తమ హైస్కూలు క్లాసు ర్యాంకులో పై శాతంలో ఉన్నవాళ్లకు ప్రభుత్వ యూనివర్సిటీల్లో నేరుగా ప్రవేశం ఉంది. చాలావాటికి పై 10 శాతం. యూటీ ఆస్టిన్‌కు ఇదివరకు 6 శాతం ఉండేది, 2026 ఫాల్‌లో చేరేవాళ్ల నుంచి 5 శాతం. క్లాసులో 500 మంది ఉంటే 25వ ర్యాంకు లోపలా, 26వ ర్యాంకు బయటా. పదకొండో గ్రేడు చివరి ర్యాంకే లెక్కలోకి వస్తుంది.

ఇప్పుడు వయొలిన్ ఖరీదు కట్టండి. ఏపీకి 6.0, అడ్వాన్స్‌డ్ కోర్సుకు 5.5, మామూలు కోర్సుకు 5.0 గరిష్ఠంగా ఇచ్చే స్కూల్ డిస్ట్రిక్ట్ (ఆ ప్రాంతపు స్కూళ్లను నడిపే జిల్లా) అనుకుందాం. పాప ఇప్పటిదాకా 20 సెమిస్టర్ కోర్సుల్లో సగటు 5.8 తెచ్చుకుంది, అంటే 116 పాయింట్లు. ఏడాది ఆర్కెస్ట్రా చేరిస్తే రెండు 5.0లు కలిసి 126, దాన్ని 22తో భాగిస్తే 5.73. ఆ జాగాలో ఏపీ తీసుకుని పూర్తి మార్కులు తెచ్చుకుంటే 128, సగటు 5.82. తేడా 0.09. పోటీ ఎక్కువగా ఉండే స్కూల్లో ఆ కాస్తలోనే పదిమంది ఉండవచ్చు. అందుకని ముందు పాప ర్యాంకు ఎక్కడుందో చూడండి. 60లో ఉన్న అమ్మాయికి వయొలిన్ మానేసినా 25 రాదు, మానడం దండగ. 30 చుట్టూ ఉంటేనే ఆలోచించాల్సిన విషయం. అప్పుడు కూడా మానక్కర్లేకపోవచ్చు. కొన్ని జిల్లాలు ర్యాంకుకు కొన్ని సబ్జెక్టుల్నే లెక్కేస్తాయి, కొన్ని చోట్ల ఫారం పెట్టుకుంటే సంగీతాన్ని జీపీఏ నుంచి తప్పిస్తారు. ఆ ఫారానికి గడువుంటుంది, జిల్లా అకడమిక్ గైడులో చూడండి.

ఇంకో రెండు విషయాలు చాలామందికి ఆలస్యంగా తెలుస్తాయి. నేరుగా దొరికేది యూనివర్సిటీలో ప్రవేశమే, కోరిన మేజర్ (డిగ్రీలో ప్రధాన సబ్జెక్టు) కాదు. కంప్యూటర్ సైన్స్, ఇంజనీరింగ్, బిజినెస్‌కి దరఖాస్తు మొత్తం చదివి తేలుస్తారు. అక్కడ ఏళ్ల తరబడి వాయించిన వయొలిన్ కూడా లెక్కకొస్తుంది. రెండోది, ర్యాంకు ఉన్నా ‘డిస్టింగ్విష్డ్ లెవల్ ఆఫ్ అచీవ్‌మెంట్’ పూర్తి కావాలి. అంటే ఆల్జీబ్రా 2తో సహా నాలుగు గణితం క్రెడిట్లు, నాలుగు సైన్స్ క్రెడిట్లు, ఒక ఎండార్స్‌మెంట్ (ఎంచుకున్న ఒక రంగంలో వరస కోర్సులు).

ప్రశ్న: బాబు తొమ్మిదిలోనే స్పానిష్ 2 ముగించాడు. ఇక చాలు, ఆ పీరియడులో కంప్యూటర్ కోర్సు తీసుకుంటానంటున్నాడు. శనాదివారాల్లో తెలుగు బడికి వెళ్తాడు. తెలుగు లెక్కలోకి వస్తుందా?
– ఒక తల్లి, బోథెల్, వాషింగ్టన్

జవాబు: వస్తుంది, మీ రాష్ట్రంలో మరీ బాగా వస్తుంది. వాషింగ్టన్‌లో భాషా ప్రావీణ్య పరీక్ష రాసి, స్థాయిని బట్టి ఒకటి నుంచి నాలుగు దాకా హైస్కూలు క్రెడిట్లు తెచ్చుకోవచ్చు. తెలుగుకు అవంత్ సంస్థ స్టాంప్ పరీక్ష ఉంది. దాంట్లో పరీక్షించేది రాయడం, మాట్లాడటం. మన పిల్లలు దెబ్బతినేది రాత దగ్గర. అమ్మమ్మతో గలగలా మాట్లాడే పిల్లాడు గుణింతాలు, ఒత్తుల దగ్గర ఆగిపోతాడు. మాట్లాడటంలో కూడా ‘బాగుంది’, ‘తిన్నాను’ లాంటి పొడి మాటలకు తక్కువ స్థాయే వస్తుంది. నాలుగైదు వాక్యాల్లో ఒక సంగతి వరసగా చెప్పి, కారణం చెప్పగలగాలి. రెండు మూడు నెలల ముందు నుంచి రోజుకొక పేరా రాయించండి. తెలుగు టైపింగ్ కూడా అలవాటు చేయించండి. ఈ క్రెడిట్లకు సాధారణంగా పాస్ అనే ఉంటుంది, జీపీఏ పెరగదు. డిప్లొమా మీద రెండు భాషలు వచ్చని చెప్పే సీల్ ఆఫ్ బైలిటరసీ అనే ముద్ర కూడా తెచ్చుకోవచ్చు. ఆ చట్టం మొదట కాలిఫోర్నియాలో 2011లో వచ్చింది, తరవాత మిగతా రాష్ట్రాలూ అందుకున్నాయి.

స్పానిష్ మానవచ్చా అంటే, ఎక్కడికి వెళ్తాడన్నదాన్ని బట్టి. యూనివర్సిటీ ఆఫ్ వాషింగ్టన్‌కి ఒకే భాషలో రెండు క్రెడిట్లు చాలు. యూసీకి కనీసం రెండేళ్లు, మూడు మేలు. స్టాన్‌ఫర్డ్ మూడేళ్లో అంతకన్నా ఎక్కువో సూచిస్తుంది, హార్వర్డ్ ఒకే భాష నాలుగేళ్లు అంటుంది. ఆ స్థాయి కాలేజీల ఆలోచన ఉంటే పదిలో స్పానిష్ 3 అయినా చేయించండి. మధ్యలో ఫ్రెంచికి మారితే లెక్క మళ్లీ ఒకటి నుంచే.

ప్రశ్న: మావాడు ఏప్రిల్‌లో విజయవాడలో పదో తరగతి ముగించి ఆగస్టులో ఇక్కడ చేరతాడు. ఏ గ్రేడులో వేయించాలి? ఏ కోర్సులు?
– ఒక తండ్రి, షార్లెట్, నార్త్ కరోలైనా

జవాబు: మామూలుగా పదకొండో గ్రేడు. కానీ పదకొండులో చేరిన పిల్లాడు కాలేజీ దరఖాస్తులు పెట్టేసరికి చేతిలో అమెరికా గ్రేడ్లు ఒక్క ఏడాదివే ఉంటాయి. ఆ ఏడాదిలోనే అక్కడి చరిత్ర, ఇంగ్లిష్, గ్రాడ్యుయేషన్‌కు తప్పనిసరైన పీఈ (వ్యాయామం) లాంటివి జాగా తినేస్తాయి. వయసు పదిహేను లోపల ఉండి, జిల్లా ఒప్పుకుంటే పదో గ్రేడులో చేర్చడమే మా సలహా. ఏడాది పోయిందని బంధువులు అంటారు, అననీయండి.

కాగితాల్లో చేసే తప్పులే ఎక్కువ నష్టం చేస్తాయి. ఎనిమిది, తొమ్మిది, పది మార్కుల జాబితాలు స్కూలు ముద్రతో ఒరిజినల్‌గా, టీసీ, టీకాల వివరాలు తెచ్చుకోండి. తొమ్మిదోది మరిచిపోకండి, హైస్కూలు క్రెడిట్లు అక్కడినుంచే మొదలవుతాయి. మన మార్కుల్ని అమెరికా కొలతతో చదివితే 75 అంటే ‘సీ’ అవుతుంది. మన దగ్గర 60కి ఫస్ట్ క్లాసని వాళ్లకు తెలియదు. భారత గ్రేడింగ్ కొలత ప్రకారం మార్చమని కౌన్సెలర్‌ని అడగండి. అవసరమైతే విదేశీ మార్కుల్ని అమెరికా కొలతలో మదింపు చేసే డబ్ల్యూఈఎస్ లాంటి సంస్థతో ఆ పని చేయించండి. తెలుగు మొదటి భాషగా, హిందీ రెండో భాషగా చదివిన ఏళ్లకు వరల్డ్ లాంగ్వేజ్ క్రెడిట్ కోరండి. అడగకపోతే ఎవరూ ఇవ్వరు. అది దక్కితే రెండేళ్ల స్పానిష్ పీరియడ్లు మిగులుతాయి.

మన భౌతిక రసాయన శాస్త్రాన్ని చాలాసార్లు ఉమ్మడి సైన్సుగా నమోదు చేస్తారు. అందువల్ల కెమిస్ట్రీ, ఫిజిక్స్ కోర్సులుగా విడివిడిగా చదవాల్సే ఉంటుంది, పాఠం తెలిసిందే అయినా. గణితం పేరు ఒక్కటే ఉంటుంది కాబట్టి ఆల్జీబ్రా 1, జామెట్రీ క్రెడిట్లుగా విడగొట్టి రాయమనండి. తరవాత ప్లేస్‌మెంట్ పరీక్ష అడగండి. వర్గ సమీకరణాలు, త్రికోణమితి, శ్రేఢులు వచ్చినవాడికి ఆల్జీబ్రా 2 సగం పాతపాఠమే. లాగరిథమ్‌లు, సంకీర్ణ సంఖ్యలు, ఫంక్షన్ల గ్రాఫులు వేసవిలో నేర్చుకుంటే ప్రీకాల్‌క్యులస్‌లో కూర్చోగలడు.

చేరేటప్పుడు ఇంటి భాష ఏదని అడుగుతారు, తెలుగని రాస్తే ఇంగ్లిష్ పరీక్ష పెడతారు. నిజమే రాయండి, పరీక్షకు సిద్ధం చేయండి. వినడం, మాట్లాడటం కూడా ఉంటాయి. ఇంగ్లిష్ నేర్చుకునేవాళ్ల తరగతిలో పడితే ఆ ఏళ్లు మామూలు ఇంగ్లిష్‌గా అన్ని కాలేజీలూ ఒప్పుకోవు. యూసీ అయితే అలాంటిది ఒక ఏడాదికి మించి లెక్కలోకి తీసుకోదు.

ప్రశ్న: మా అమ్మాయి డాక్టరు కావాలనుకుంటోంది. ఏపీ బయాలజీ బదులు డ్యూయల్ ఎన్‌రోల్‌మెంట్‌లో (హైస్కూల్లో ఉండగానే కాలేజీ కోర్సు చదవడం) కమ్యూనిటీ కాలేజీ బయాలజీ చేస్తే క్రెడిట్ ఖాయమంటున్నారు. నిజమేనా?
– ఒక తల్లి, కొలంబస్, ఒహాయో

జవాబు: క్రెడిట్ సంగతి సగం నిజం. సొంత రాష్ట్రపు ప్రభుత్వ యూనివర్సిటీలు చాలావరకు తీసుకుంటాయి, పేరున్న ప్రైవేటు కాలేజీలు చాలా చోట్ల తీసుకోవు. అసలు జాగ్రత్త వేరే ఉంది. అది కాలేజీ ట్రాన్స్‌క్రిప్టు, జీవితాంతం ఉంటుంది. మెడికల్ కాలేజీలకు ఏఎంసీఏఎస్ అనే ఉమ్మడి దరఖాస్తు ద్వారా దరఖాస్తు పెట్టేటప్పుడు హైస్కూల్లో ఉండగా చదివిన కాలేజీ కోర్సులూ చూపాలి, ఆ గ్రేడు సైన్స్ జీపీఏలో కలుస్తుంది. పదహారేళ్లకు తెచ్చుకున్న ‘సీ’ ఇరవై రెండేళ్లకు ఎదురొస్తుంది. ఏపీలో అలా కాదు. పరీక్షలో అయిదుకి 2 వచ్చినా ఆ స్కోరు పంపకపోతే సరి. పైగా ఏపీ క్రెడిట్‌తో బయాలజీ దాటేసిన పిల్లల్ని పై స్థాయి బయాలజీ చదివి చూపమని అడిగే మెడికల్ కాలేజీలు చాలా ఉన్నాయి. కాబట్టి సైన్సులు స్కూల్లో ఏపీగా చేయించి, డ్యూయల్ ఎన్‌రోల్‌మెంట్‌ను తప్పకుండా ‘ఏ’ వస్తుందన్న సైకాలజీ, ఇంగ్లిష్ లాంటివాటికి వాడుకోండి.

ప్రశ్న: నవంబరులో యూసీకి, జనవరిలో ప్రైవేటు కాలేజీలకు దరఖాస్తులు పెట్టేశాడు. ఇప్పుడు ఏపీ ఫిజిక్స్ వదిలేసి ఖాళీ పీరియడు పెట్టుకుంటానంటున్నాడు.
– ఒక తండ్రి, శాన్ రమోన్, కాలిఫోర్నియా

జవాబు: పన్నెండో గ్రేడు కోర్సులు దరఖాస్తులో రాసి ఇచ్చాడు కదా, వాటిని చూసే సీటు ఇస్తారు. ప్రైవేటు కాలేజీలకు కౌన్సెలర్ సగం ఏడాది గ్రేడ్లతో మిడ్ ఇయర్ రిపోర్టు పంపుతారు. యూసీ జులై 1కల్లా చివరి ట్రాన్స్‌క్రిప్టు తెప్పించుకుంటుంది. చెప్పకుండా కోర్సు మానేసినా, ‘డీ’ తెచ్చుకున్నా ఇచ్చిన సీటు వెనక్కి తీసుకోగలదు. ముందు మామూలు ఫిజిక్స్ క్లాసుకు మారే వీలుందేమో చూడండి, ఖాళీ పీరియడు కన్నా అది నయం. మారితే యూసీకీ, మిగతావాటికీ రాతపూర్వకంగా తెలియజేయాలి. ఏ కోర్సు, ఏ తేదీన మానాడు, బదులు ఏం తీసుకున్నాడు, ఎందుకు? నాలుగు వాక్యాలు చాలు. రాయాల్సింది అబ్బాయే, మీరు కాదు. కౌన్సెలర్‌కు ఒక కాపీ పెట్టమనండి.